మూర్ఛ రకం, మందు రకం

మూర్ఛ అనే ఒక్క మాట కింద తెలుగునాట ఎన్నో అవస్థలు చేరిపోయాయి: ఒళ్ళంతా బిగుసుకుపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, మాట్లాడుతున్న పిల్ల కొన్ని క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఆగిపోవడం, ఒక్క చేయి మాత్రమే దానంతటది అదరడం. ఇవన్నీ ఒకే తీరువి కావనీ, మెదడులో ఎక్కడ మొదలయ్యాయన్న దాన్నిబట్టి వేటికవే వేరనీ, ఒకదాన్ని అణచే మందు మరొకదాన్ని రెచ్చగొట్టవచ్చనీ వైద్యలోకం గ్రహించడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళలో మందులు చాలావరకు అనుకోకుండా దొరికాయి. రకాలు మాత్రం రోగి పక్కన ఓపికగా కూర్చుని చూసినవారికే తెలిశాయి.

రకాలుగా విడదీసి చూడాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఆయుర్వేదం ఈ వ్యాధిని అపస్మారం, అంటే స్మృతి తొలగిపోవడం, అని పిలిచింది. చరకసంహిత దానిని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు విధాలుగా విభజించింది. క్రీస్తుకు పూర్వం సుమారు 400 నాటి, హిపోక్రటీస్ పేరిట నిలిచిన గ్రీకు గ్రంథం ఒకటి, అప్పటివారు పవిత్రమని భయపడిన ఈ వ్యాధి దేవతల వల్ల కాక మెదడు వల్లనే పుడుతుందని వాదించింది. అంత స్పష్టమైన మాట వచ్చిన తరువాత కూడా రెండువేల ఏళ్ళకు పైగా రోగికి భూతవైద్యమే దిక్కయింది.

నమ్మదగిన తొలి మందు తప్పుడు కారణంతో వచ్చింది. 1857 మే నెలలో లండన్‌లో జరిగిన ఒక వైద్యుల సభలో, విక్టోరియా రాణికి ప్రసవాలు చేసిన సర్ చార్లెస్ లోకాక్, నెలసరి రోజుల్లో ఫిట్స్ వచ్చే స్త్రీలకు పొటాషియం బ్రోమైడ్ ఇచ్చి చూశాననీ, 14, 15 మందిలో ఒక్కరికి తప్ప అందరికీ గుణం కనిపించిందనీ చెప్పాడు. లైంగిక ఉద్రేకమే ఈ ఫిట్స్‌కు మూలమనీ, బ్రోమైడ్ ఆ ఉద్రేకాన్ని తగ్గిస్తుందనీ అప్పటి ఊహ. ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. కానీ ఆ లవణం శరీరంలోంచి త్వరగా పోదు, రోజురోజుకీ పేరుకుంటుంది. అందువల్ల ఒంటి నిండా పొక్కులు, మందబుద్ధి, తూలిపోయే నడక రోగికి మిగిలేవి. ఫిట్స్ ఆగినా మనిషి సగం నిద్రలోనే బతికేవాడు.

మందు ఒకవైపు ఇలా నడుస్తుండగా, లండన్‌లోనే జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుడు ఫిట్ ఎలా మొదలవుతుంది, ఎటు పాకుతుంది అన్నది గమనిస్తూ వచ్చాడు. కొందరిలో బొటనవేలి దగ్గర మొదలైన అదురు మణికట్టుకూ, మోచేతికీ, భుజానికీ ఎక్కి ముఖానికి చేరుతుంది. అది పాకే క్రమం మెదడు పైపొరలో ఆయా అవయవాలను నడిపే చోట్ల క్రమాన్నే అనుసరిస్తున్నదని ఆయన ఊహించాడు. ఆయన భార్యకు కూడా ఒకవైపు మాత్రమే వచ్చే ఇటువంటి ఫిట్సే వచ్చేవి. మెదడులోని బూడిదరంగు పదార్థం ఉన్నట్టుండి, మితిమీరి, ఒకచోట నుంచి శక్తిని విడుదల చేయడమే మూర్ఛ అని 1873లో ఆయన ఇచ్చిన నిర్వచనం, ఈ వ్యాధి చరిత్రలో ఏ మందుకన్నా విలువైనది.

1912లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే యువ వైద్యుడు మూర్ఛరోగుల వార్డు పైనే నివాసం ఉండేవాడనీ, రాత్రిపూట వారు మంచాల మీంచి పడిపోతున్న చప్పుళ్ళకు నిద్రపట్టక, వారు నిద్రపోతే చాలునని అప్పుడే బజారులోకి వచ్చిన లూమినల్ అనే నిద్రమందు ఇచ్చాడనీ చెబుతారు. రాత్రులే కాదు, పగళ్ళు కూడా ప్రశాంతమయ్యాయి. అదే ఫీనోబార్బిటోన్, మన దేశంలో గార్డినాల్ పేరుతో ఎన్నో ఇళ్ళకు తెలిసిన మాత్ర. మూర్ఛరోగులకు ఇంత మేలు చేసిన హౌప్ట్‌మన్ యూదుడు కావడం వల్ల 1938లో డాహౌ నిర్బంధ శిబిరం పాలై, విడుదలై, అమెరికాకు వలసపోయి అక్కడే మరణించాడు.

నిద్ర పుచ్చకుండా ఫిట్స్ ఆపలేమన్న నమ్మకాన్ని బోస్టన్ వైద్యులు హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పుట్నమ్ తొలగించారు. పిల్లులకు కొలిచిన విద్యుత్తు ఇచ్చి ఫిట్స్ రప్పించి, ఏ రసాయనం వాటిని అడ్డుకుంటుందో ఒక్కొక్కటిగా పరీక్షించగా, 1908లోనే తయారై అలమారులో మిగిలిపోయిన ఫెనిటాయిన్ నిలిచింది. 1938లో వారు ప్రకటించిన ఈ మందే నేటి ఎప్టాయిన్. అది మగతను అంతగా కలిగించకుండానే ఒళ్ళు కొట్టుకునే ఫిట్స్‌ను అణచింది గానీ, పిల్లలు శూన్యంలోకి చూసే ఫిట్స్‌ను మాత్రం తాకలేకపోయింది.

ఈ వైఫల్యం దగ్గరే రకమూ మందూ ఒకదానికొకటి ముడిపడ్డాయి. ఒళ్ళు కొట్టుకునే పెద్ద ఫిట్‌ను ఫ్రెంచివారు గ్రాండ్ మాల్ అనీ, శూన్యంలోకి చూసే చిన్న ఫిట్‌ను పెటీ మాల్ అనీ పిలిచేవారు; చిన్నది పెద్దదానికి మొలక మాత్రమేనని ఎవరైనా అనుకోవచ్చు. అయితే జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించిన ఈఈజీ, అంటే తలకు తీగలు అంటించి మెదడు విద్యుత్తరంగాలను కాగితం మీద గీసే పద్ధతి, అమెరికాలో 1935 నాటికి పెటీ మాల్‌కు సెకనుకు మూడుసార్లు లేచే ప్రత్యేకమైన అలను చూపించింది. ఫెనిటాయిన్ నాడీకణాలలోని సోడియం ద్వారాలను బిగిస్తుంది. పెటీ మాల్ మాత్రం మెదడు లోతట్టునున్న థాలమస్‌కూ పైపొరకూ మధ్య కాల్షియం ద్వారాల మీద నడిచే లయ. అందుకే దానికి 1940లలో ట్రైమెథడియోన్, తరువాతి దశాబ్దంలో ఎథోసక్సిమైడ్ అనే వేరే మందులు కావలసివచ్చాయి.

1960ల తొలి ఏళ్ళలో ఫ్రాన్స్‌లో వాల్ప్రోయేట్ దొరకడం ఇంకా విచిత్రం. ఇతర రసాయనాలను కరిగించడానికి వాడిన ఆ ద్రవం కలిసిన ప్రతి మిశ్రమమూ ఫిట్స్ ఆపుతుండడంతో, పనిచేస్తున్నది అందులో కరిగినది కాదు, కరిగించినదే అని తేలింది. దాదాపు అన్ని రకాలకూ పనికివచ్చే ఈ మందు గర్భస్థ శిశువుకు చేసే హాని తరువాత గానీ బయటపడలేదు.

రకం తప్పితే మందు ఎలా ఎదురుతిరుగుతుందో చెప్పడానికి, 1957లో జర్మన్ వైద్యుడు డీటర్ యాంట్స్ సహచరుడితో కలిసి వర్ణించిన, కౌమారంలో తలెత్తే ఒక మూర్ఛ చాలు. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్ ఎగిరిపడుతుంది, కాఫీ గ్లాసు ఒలుకుతుంది. ఇంట్లోవారు దానిని అజాగ్రత్త అనుకుని తిడతారు. ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు చక్కగా పనిచేసే కార్బమజెపిన్, అంటే టెగ్రిటాల్, ఇస్తే ఈ ఉలికిపాట్లు పెరగవచ్చు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, తల మీద వేడినీళ్ళు చెంబులతో గుమ్మరించుకునేటప్పుడు వచ్చే ఫిట్స్‌ది మరొక దారి. నీళ్ళ వేడి తగ్గించడంతోనే చాలామందికి అవి ఆగుతాయి, ఆగనివారికి తలస్నానానికి ముందు క్లోబజామ్ మాత్ర ఇస్తారు.

1909లో బుడాపెస్ట్‌లో ఏర్పడిన అంతర్జాతీయ మూర్ఛ నివారణ సంఘం 1981లోనూ 2017లోనూ రకాల పట్టికను సవరించి, ఒకచోట మొదలయ్యేవి, మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యేవి, మొదలు తెలియనివి అని స్థిరపరచింది. చట్టం మాత్రం అన్ని రకాలనూ ఒక్క గాటనే కట్టింది: హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవారిని పెళ్ళికి అనర్హులుగా చేసిన మాటను 1999లో గానీ తొలగించలేదు.

ఈఈజీ, స్కానింగులు వచ్చినా, రకాన్ని తేల్చే మొదటి సాక్ష్యం నేటికీ ఫిట్‌ను కళ్ళారా చూసినవారి మాటే. కాబట్టి ఎవరికైనా ఫిట్స్ వస్తే, తాళాలగుత్తి కోసం వెతకకుండా, నోట్లో ఏమీ పెట్టకుండా, వారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ చేయి ముందు అదిరిందో, కళ్ళు ఎటు తిరిగాయో, ఎంతసేపు పట్టిందో గుర్తుంచుకుని వైద్యుడికి చెప్పాలి.