గడి కూలింది గానీ గద్దె దక్కలే

మంటల ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా. నిన్న నీ తమ్ముడు మంచి మాటే అడిగిండు. రష్యాల కమ్యూనిస్టులు గద్దెనెక్కి 74 ఏండ్లు ఏలిండ్రు, చైనాల ఇప్పటికీ ఏలుతున్నరు, మరి మన దిక్కు తెలంగాణ పోరాటంల అంతమంది పాణాలిచ్చినా ఎందుకు దక్కలే తాతా అని. పంతులు నౌకరి చేసినన్ని రోజులు నాకూ ఇదే రంధి. దొరికిన పుస్తకమల్లా చదివిన, దళంల తిరిగినోళ్లను అడిగిన. ఇనుండ్రి.

మాది జనగాం తాలూకా గదా. విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 ఊర్లు, 40 వేల ఎకరాలు అని చెప్పుకునేది. ఎవలైనా ఆ దొర గడికి వెట్టి చెయ్యాల్సిందే. బాలింతలు గూడ పసిపిల్లను గట్టు మీద పండవెట్టి నాట్లెయ్యాలె. పాలకుర్తి చాకలి ఐలమ్మ పంటను దొర మనుషులు కోసుకపోవస్తే, కమ్యూనిస్టుల సంఘపోళ్లు అడ్డం నిలవడి ఆమె వడ్లు ఆమె ఇంటికే చేర్చిండ్రు. 1946 జులై 4 నాడు కడవెండిల ఊరేగింపు మీద దొర మనుషులు తుపాకులు పేల్చిండ్రు, దొడ్డి కొమరయ్య అక్కడికక్కడ పోయిండు. అప్పుడు సంఘం చేతుల ఏమున్నయి? వడిశెలలు, గుతపలు, ఆడోళ్ల దగ్గర కారంపొడి. తుపాకులు తర్వాత వచ్చినయి.

భూమి పంచిన రోజు నాకు బాగా యాదికున్నది. అప్పుడు నేను పశుల కాడికి పోయే పోరన్ని. అప్పు కాయితాలు తెచ్చి రచ్చకట్ట ముందు కుప్పవోసి అంటువెట్టిండ్రు. ఊరోళ్లే కమిటీ అయ్యి తాడు పట్టుకోని చెల్కలు కొలిచిండ్రు. మా నాయిన పేరు పిలిచి రెండెకరాలన్నరు. ఆయన ఆ రాత్రి బువ్వ గూడ తినలే, చెల్క గట్టు మీద్నే పండుకున్నడు. అట్ల 3 వేల ఊర్లల్ల 10 లక్షల ఎకరాలు పంచినమని పార్టీ లెక్క.

ఇగ హంగరీ ముచ్చట చెప్త. అది ఎరుకైతే మన ముచ్చట సగం అర్థమైతది. 1919 మార్చి 21 నాడు బుడాపెస్ట్‌ల బేలా కున్ అనేటాయన కమ్యూనిస్టు సర్కారు వచ్చింది. రక్తం పెద్దగ కారలే. పాత సర్కారే చేతులెత్తి తప్పుకున్నది. ఇంత సులువుగ గద్దె దొరికిన విప్లవం ఇంకోటి నాకు కనవడలే. మరి ఏం చేసిండ్రు? జమీందార్ల పెద్ద భూములు గుంజుకున్నరు, అది మంచి పనే. కానీ రైతులకు పంచలే. సర్కారు క్షేత్రాలు చేస్తమని ఉమ్మడిగ పెట్టిండ్రు. చాన తావుల పాత దొర కాడ పెత్తనం చేసినోన్నే మళ్ల పెద్దగ కూసోవెట్టిండ్రు. రైతు పొద్దుగాల లేచి చూస్తే ఎవడున్నడు? నిన్నటి దాంక కొట్టినోడే!

దాని మీద నోట్లు గూడ కొత్తయి అచ్చేసిండ్రు. ఒక్క దిక్కే అచ్చు, ఎనుక తెల్లగ ఉంటుండె. రైతులు ఆ నోట్లు ముట్టలే. ధాన్యం, పాలు పట్నానికి పంపుడు బందు చేసిండ్రు. ఆకలైన పట్నం ఎన్ని రోజులు ఓపుతది? అయినా వాళ్ల ఎర్రసైన్యం ఉత్తరం దిక్కు మంచిగనే గెలిచింది. మీరు ఎనుకకు జరిగితే మీ నేలల చొరవడ్డ రుమేనియా సైన్యాన్ని మేం జరుపుతమని పారిస్‌ల కూసున్న గెలిచిన దేశాల పెద్దలు ఆశవెట్టిండ్రు. వీళ్లు జరిగిండ్రు, వాళ్లు జరగలే. గెలిచిన నేల ఇడిసి వచ్చిన సిపాయికి ఇగ కొట్లాడే మనసు ఎక్కడిది? ఆగస్టు 1 నాడు కున్ వియన్నాకు పోయిండు. 133 రోజులు, గంతే.

లెనిన్ ఇట్ల చెయ్యలే. గద్దెనెక్కిన తెల్లారే భూమి హుకుం తీసిండు, దొరల భూమి రైతు కమిటీలదే అని. నిజానికి అది వేరే పార్టీ ప్రోగ్రాం. మా ప్రోగ్రాం ఎత్తుకపోయిండ్రని వాళ్లు ఎగతాళి చేసిండ్రు. లెనిన్ వెనుక్కు తగ్గలే. తర్వాత లెనిన్ సర్కారును కూల్చెతందుకు దెనీకిన్, కొల్చాక్ సైన్యాలు వచ్చినప్పుడు వాటి ఎనుకనే పాత దొరలు భూమి కోసం రాబట్టిండ్రు. రైతు లెనిన్ పార్టీ బోల్షెవిక్కుల దిక్కు నిలవడ్డది వాళ్లు ముద్దయి కాదు. బలవంతంగ ధాన్యం గుంజుకపోతుంటే తిట్టుకున్నడు, తిరగవడ్డడు గూడ. కానీ దొర వస్తే చెల్క పోతదన్న బుగులు అన్నిటికన్న పెద్దది. అక్కడ చెకా పోలీసుల కాల్చివేతలు గూడ పనిచేసినయి. ఆ భయాన్ని దాచి చెప్తే మీకు అన్యాయం చేసినట్టు. 1921ల క్రోన్‌స్టాట్ నావికులే తిరగవడ్డంక ధాన్యం గుంజుడు ఆపి పన్ను వెట్టిండ్రు. ఎనుకకు జరుగుడు ఎరిగినోళ్లు గాబట్టి నిలవడ్డరు.

చైనాల గూడ మొదట పట్నాన్నే పట్టిండ్రు. 1927 డిసెంబర్‌ల కాంటన్‌ల లేచి మూడొద్దులల్ల నలిగిపోయిండ్రు. అప్పటికే మావో కొండలెక్కి ఉండె. ఊరోళ్ల సూది, దారం గూడ ముట్టొద్దని సిపాయిలకు కట్టడి చేసిండు. జపానోడు మీదవడి చాంగ్ కై షేక్ సర్కారును ఇరగ్గొట్టకపోతే అక్కడి కమ్యూనిస్టుల గెలుపు ఎట్లుండెనో!

ఇగ మన కాడికొద్దాం. 1948 సెప్టెంబర్ దాంక మన ఎదురుంగ ఎవలున్నరు? నిజాం, దొరలు, ఊర్లు తగలవెట్టే ఖాసిం రజ్వీ రజాకార్లు. ఆ రాజ్యాన్ని తనదనుకున్న రైతు ఒక్కడు లేడు. 13 నాడు యూనియన్ సైన్యం దిగింది, అయిదొద్దులల్ల నిజాం లొంగిండు. ఊర్లల్ల దండలేసిండ్రు బిడ్డా, సంఘపోళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు గూడ హారతులిచ్చిండ్రు. ఎక్కువ రోజులు కాకముందే అదే సైన్యం దళాల కోసం ఎతుకుడు మొదలువెట్టింది. తుపాకి దించాల్నా, పట్టాల్నా? పార్టీల్నే రెండు మాటలైనయి. దించుదామన్నోళ్లల్ల రావి నారాయణరెడ్డి ఒకడు. ఆయన మాటే సరైందని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

1949ల జాగీర్లు రద్దైనయి, 1950ల కౌలుదారి చట్టం వచ్చింది. మా నాయిన దళపోళ్లకు బువ్వ పెట్టుడు ఆపలే. తుపాకి పట్టి రమ్మంటే మాత్రం పోలే. "రజాకారు పోయిండు గదా, ఇగ ఎవని మీద కాల్చాలె?" అన్నడు. మా చిన్నాయిన మాత్రం దళంతోని గోదావరి అడవులకు పోయిండు, మళ్ల రాలే. ఇద్దర్ల ఎవలూ పిరికోళ్లు కాదు. 1951ల మన నాయకులు మాస్కోకు పోతే స్టాలిన్ ఒక మాట ఎత్తిచూపిండు: చైనోళ్లకు ఎనుక ఆసరాగ మంచూరియా ఉన్నది, మీకు ఏమున్నది అని. మన చుట్టూ నాలుగు దిక్కుల ఉన్నది యూనియన్ సర్కారే.

1951 అక్టోబర్ 21 నాడు పోరాటం ఆపినమని చెప్పిండ్రు. మా రెండెకరాలల్ల ఒకటి దొర మనుషులు మళ్ల గుంజుకున్నరు, ఒకటి దక్కింది. గడి వెట్టి మాత్రం మళ్ల తిరిగి రాలే. 1952 ఎలక్షన్ల నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని గెలిపించిండ్రు, నెహ్రూకు పడ్డదానికన్న ఎక్కువ ఓట్లతోని.