సీసా నంబరు 53-ఎన్

ఆషాఢం వస్తే శాలిబండ నుంచి లాల్‌దర్వాజా దాకా బోనాల సందడే. జంట నగరాల బోనాల కథను పెద్దలు 1813 నాటి మహమ్మారితో మొదలుపెడతారు. ఊరంతా రోగం పాలవుతుంటే అమ్మవారికి మొక్కుకోవడం తప్ప మరో దారి తోచని కాలం అది. కంటికి కనిపించని క్రిమి వల్ల రోగం వస్తుందని తేలడానికి ఆ తర్వాత అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ క్రిమిని పూర్తిగా చంపడం నేర్చుకునేలోగా ఇంకొన్ని ప్రాణాలు పోయాయి.

మూసీ దాటి, హుస్సేన్‌సాగర్ అవతల బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన సంగతి మనకు తెలిసిందే. అందుకు 1902లో నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అక్టోబరు 30న పంజాబ్‌లోని మల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. వారిలో 53-ఎన్ అనే ఒక్క సీసాలోని మందు పడ్డ 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. మిగతా సీసాల మందు వేయించుకున్నవారికి ఏమీ కాలేదు.

ఆ టీకా కనిపెట్టినవాడు వాల్డెమార్ హాఫ్‌కిన్. ఒడెస్సాలో పుట్టి, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసి, మన దేశానికి వచ్చాడు. తొలి రోజుల్లో నెయ్యి చుక్కలు తేలే మాంసరసంలో ప్లేగు క్రిములను పెంచి, వేడితో చంపి, 1897 జనవరి 10న ముందుగా తన ఒంటికే సూది వేసుకున్నాడు. మల్కోవాల్ తర్వాత నింద అంతా ఆయన ప్రయోగశాల మీద పడింది. ఉద్యోగం పోయింది. కానీ సీసా తెరిచినప్పుడు పటకారు నేలమీద పడిందని, దాన్ని మంటలో కాల్చకుండా మందునీళ్లలో ఆడించి వాడారని సాక్ష్యాల్లో ఉంది. 1907లో రాస్ 'టైమ్స్' పత్రికకు లేఖలు రాసి, హాఫ్‌కిన్ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. ఆ ఏడాదే ప్రభుత్వం నింద తొలగించింది. దోమ కథ కన్నా రాస్ గొప్పతనం నాకు ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది. గట్టి పెంకు లాంటి బీజరూపం దాల్చి ఏళ్ల తరబడి బతుకుతుంది. నీళ్లు మరిగించినంత మాత్రాన చావదు. పైగా దక్కను మీదున్న మన ఊళ్లో నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. పాశ్చర్ శిష్యుడు చార్లెస్ చాంబర్‌లాండ్ 1879లో రూపొందించిన ఆటోక్లేవ్ ఈ చిక్కును విప్పింది. చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనం ఎక్కితే లోపలి ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ సూత్రమే. ఆవిరి చల్లని వస్తువును తాకి నీరయ్యేటప్పుడు తనలోని వేడినంతా దానికిచ్చేస్తుంది. అందుకే పొడి వేడితో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు పట్టే పని ఇక్కడ పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

అయితే లోపల గాలి చిక్కుకుంటే పీడనం చూపే ముల్లు 15 చూపించినా వేడి 121కి చేరదు. సంచులను కిక్కిరిసేలా కుక్కినా, సీసాల మూతలు బిగించినా ఆవిరి లోపలికి పోదు. పెద్ద ఫ్లాస్కులోని ద్రవం నడిమధ్య దాకా వేడెక్కడానికి అదనపు సమయం కావాలి. సరుకు పైన అతికించిన ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వచ్చినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. ఆ టేపుకు తెలిసింది వేడి తగిలిందన్న సంగతి ఒక్కటే. అసలు పరీక్ష జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే క్రిమి బీజాలతో చేసేది. వాటిని సరుకుతో పాటు లోపల పెట్టి, తర్వాత వెచ్చగా ఉంచి, మొలకెత్తాయో లేదో చూడాలి.

ఇవాళ హైదరాబాద్ టీకాల ఊరు. 1977లో మొదలైన పరిశోధన సంస్థ సీసీఎంబీ, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ, అన్నింటికీ ఈ ఆవిరే ఆధారం. పాతబస్తీ పిల్లలెందరో ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నారు. వారికి నా మనవి: చారలు చూసి తలుపు తెరవకండి, బీజపరీక్ష ఫలితాన్ని రిజిస్టరులో రాసి సంతకం పెట్టండి.