పేరు లేని చెఱ

కోలారు బంగారు గనులలో దిగిన మన పెద్దల కథ మనకు తెలిసినదే. 1880 తరువాత జాన్ టైలర్ సంస్థ త్రవ్వకములు సాగింపగా, చిత్తూరు, కోలారు సీమల తెలుగువారనేకులు కూలికై ఇచటికి వచ్చి స్థిరపడిరి. ఆ కాలముననే విశాఖ, గోదావరి ప్రాంతముల తెలుగువారు ఓడలెక్కి మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు చేరిరి. రెండు వలసలకును మూలము కడుపుకూడే. కాని వారికి ప్రాప్తించిన చెఱ మనకు తప్పినది.

1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమయ్యెను. బర్మాలోని తమ సేనలకు సముద్రముపై సామగ్రి పంపుట ప్రమాదకరము కాగా, వారు సయాములోని బాన్‌పోంగు నుండి బర్మాలోని తన్‌బ్యుజయాత్ వఱకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును అడవులగుండ వేయింప పూనుకొనిరి. 60,000కు పైబడిన యుద్ధఖైదీలు చాలకపోగా, మలయా, బర్మా, జావాల నుండి సుమారు రెండు లక్షల కూలీలను తెచ్చిరి. వారిలో తోటల తమిళులు, తెలుగువారు ఉండిరి. మొదట మూడు నెలల పనియని, మంచి కూలియని ఆశ చూపిరి. పోయినవారు తిరిగిరాకుండుట చూచి జనము వెనుదీయగా, బలవంతముగ పట్టుకొనిపోయిరి. ఉచిత సినిమాయని పిలిచి, తలుపులు మూసి రైలెక్కించిన తావులును కలవు.

1943 వానకాలమున కలరా వ్యాపించెను. యుద్ధఖైదీలకు తమ అధికారులు, తమ వైద్యులు ఉండిరి. మందులు కొఱవడినను నీరు కాచి త్రాగవలెనని, రోగులను వేఱుగ ఉంచవలెనని కట్టడి చేయగలిగిరి. కూలీలకు ఆ దిక్కును లేదు. కుటుంబములతో వచ్చినవారు ఆ బురదపాకలలోనే బిడ్డలను పోగొట్టుకొనిరి. 1943 అక్టోబరు 17న పట్టాలు కలిసెను. అప్పటికి కొండలు చీలినవి, కూలీలు కూలిరి.

మృతులైన ఖైదీలు 12,000కు పైగా. వారి పేర్లు పట్టికల కెక్కినవి. కాంచనబురి శ్మశానవాటికలో దాదాపు 7,000 సమాధులను నేటికిని శ్రద్ధతో కాపాడుచున్నారు. మృతులైన కూలీలు 80,000 మొదలు లక్ష వఱకు ఉందురని అంచనా. లెక్క తేలకుండుటకు కారణ మొక్కటే: వారి పేర్లు వ్రాసినవారు లేరు. సైనికుడు ఖైదీ యనిపించుకొనెను. కూలివాడు ఖైదీ యనియైనను అనిపించుకొనలేదు.

బ్రతికి వచ్చినవారు తోటలకు తిరిగి చేరి, మఱల పాలు గీయుటకు కత్తి పట్టిరి. వారి సంతతి నేడు మలేషియాలో తెలుగు పలుకుచున్నది. ఇచట మన గనులు 2001లో మూతపడినవి. దిగినవారిని ఎఱిగిన పెద్దలును తరుగుచున్నారు. కావున సోదరులారా, మీ తాతతండ్రుల పేరు, ఊరు, పనిచేసిన గని ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. కూలివాని పేరు వ్రాయవలసినవారు అతని ఇంటివారే.