చేప రుచి నీటిలో ఉంది

మా బడిలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు కథల పుస్తకం పట్టుకొచ్చి "ట్రౌట్ అంటే ఏం చేప సార్?" అని అడిగాడు. ఆ కథలో ఒక ముసలాయన కొండల మీద చెరువు చెరువుకీ తిరుగుతూ, ఏ చెరువులో ట్రౌటు బాగా రుచిగా ఉంటుందో వెతుకుతాడు. పిల్లవాడికి నవ్వొచ్చింది. "దీనికి కూడా పుస్తకం రాస్తారా సార్? మా తాతకి ఇదంతా నోటికి వచ్చు" అన్నాడు. వాడి తాతా, మా నాయనా ఒకే వల లాగినవాళ్ళు. ఇద్దరూ యానాదులే. వాడు నవ్వుతూ అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ముందు వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలి. ట్రౌటు చల్లనీటి చేప. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన చీమకుర్తిలో అది బతకదు. అసలు దక్షిణ దేశంలో ఎక్కడా అది సొంతంగా పుట్టిన చేప కాదు. నీలగిరి కొండల మీద కాపురం పెట్టిన తెల్ల దొరలకు తమ దేశపు గాలం ఆట గుర్తొచ్చి తెప్పించుకున్నారు. 1863లో ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు మొదట ప్రయత్నించాడు, కుదరలేదు. మద్రాసు రాష్ట్రపు చేపల చట్టాల మీద, జాతుల మీద పెద్ద పెద్ద నివేదికలు రాసిన మనిషి ఆయనే. చివరికి 1900 తర్వాత హెచ్.సి. విల్సన్ అనే చేపల నిపుణుడి చేతుల మీదుగా రెయిన్‌బో ట్రౌటు నీలగిరి వాగుల్లో నిలిచింది. అవలాంచి దగ్గర దాని గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టారు.

మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. చేప కంటే ముందే చట్టం వచ్చింది. 1879లోనే నీలగిరి వేట జంతువుల, చేపల రక్షణ చట్టం చేశారు. తోడాలు, కోతలు, కురుంబలు, ఇరుళలు తరతరాలుగా తిరిగిన కొండల్లో ఎవరు ఎప్పుడు వేటాడాలో, చేపలు పట్టాలో నియమాలు పుట్టాయి. మూడేళ్ళకు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో వేటతో పాటు చేపలు పట్టడం కూడా నిబంధనల కిందికి వెళ్ళింది. మన నల్లమలలో చెంచులకు ఆ కట్టడి ఎలా తగిలిందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ కథలోని ముసలాయనను మాత్రం నేను తక్కువ చేయను. ఆయన తెలివి నిజమైన తెలివే. లోతుగా, చల్లగా, అడుగున గులకరాళ్ళు ఉన్న చెరువులో ట్రౌటు కండ గట్టిగా ఉంటుంది. సన్న రొయ్యలు తిన్న చేప మాంసం ఎర్రగా మారుతుంది. లోతు లేక వెచ్చబడి నాచు పట్టిన చెరువులో అదే చేప మట్టి వాసన కొడుతుంది. ఒకే జాతి చేప అయినా నీళ్ళు మారితే రుచి మారిపోతుంది.

ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. నాయన చేపలు తెస్తే అమ్మ ముందు చెంప ఎత్తి చూసేది, వాసన చూసేది. "ఇది వాగుది కాదు, కుంటది" అనేది. నాయన ఏ కుంటో చెప్పకముందే చెప్పేది. కుంట కొర్రమీనయితే వెంటనే కోసేది కాదు. కుండలో మంచినీళ్ళు పోసి, మూత మీద రాయి పెట్టి, నీళ్ళు మారుస్తూ రెండు రోజులు ఉంచేది. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప కాబట్టి కుండలో కూడా బతుకుతుంది. మూడోరోజు చింతపండు చిక్కగా పిసికి పులుసు పెట్టేది. "అడుసు కక్కాల, అప్పుడు తినాల" అనేది.

ఆ మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం అని నేను టీచరు ట్రైనింగు అయిన చాలా ఏళ్ళకు చదివాను. నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. తొలకరి చినుకు పడినప్పుడు నేల నుంచి వచ్చే వాసనలోనూ అదే ఉంటుంది. చేప దాన్ని చెంపల ద్వారా లోపలికి తీసుకుని కొవ్వులో దాచుకుంటుంది. శుభ్రమైన నీళ్ళలో కొన్ని రోజులు ఉంచితే బయటికి పోతుంది. పులుపు తగిలితే ఆ పదార్థం వాసన లేనిదిగా మారిపోతుంది. కుండ ఎందుకో, చింతపండు ఎందుకో మా అమ్మకు రసాయన శాస్త్రం చెప్పలేదు. పని మాత్రం శాస్త్రం చెప్పినట్టే చేసింది. సైన్సు చెప్పే తోటి ఉపాధ్యాయులు ఈ పాఠం తరగతిలో వాడుకుంటే నాకు సంతోషం.

నాయనకు తెలిసింది ఇంకా పెద్దది. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నిండి, మన మెట్ట పొలాల మధ్యగా సముద్రానికి పోతుంది. వేసవిలో ఏరు ఎండి మడుగులు మిగులుతాయి. ఏ మడుగుకు ఇసుక అడుగు, ఏ మడుగుకు రాతి అడుగు, ఏది ఆకులు కుళ్ళి నల్లబడుతుంది, ఇవన్నీ ఆయనకు లెక్కే. రాతి మడుగులో వాలుగ, ఇసుక మడుగులో జెల్ల, రాళ్ళ సందులో బొమ్మిడాయి. తొలి వరదకు ఎదురెక్కే చేప గుడ్డు మీద ఉంటుంది, కొవ్వు పట్టి ఉంటుంది. గుడ్డు వదిలాక అదే చేప చప్పబడుతుంది. చెరువు అలుగు పారేటప్పుడు మావులు పెట్టి, తెల్లవారక ముందే ఎత్తుకొచ్చేవాళ్ళు. ఎండెక్కితే మావులోనే చేప పాడవుతుంది.

ఆ తెల్లవారుజాము దగ్గరే మన చరిత్రలో ఒక నల్లమచ్చ ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. తర్వాత యానాదుల్లో కూడా ఎందరినో ఆ జాబితాలో రాశారు. మా తాత రాత్రిపూట హాజరు వేయించుకున్నవాడే. రాత్రి హాజరుకు నిలబడాల్సిన మనిషి అలుగు దగ్గర మావు ఎలా ఎత్తుతాడు? ఎత్తడానికి పోతే దొంగతనానికి పోయాడంటారు. చట్టం దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. దాని కోసం పోరాడినవాళ్ళలో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారిని మన పిల్లలు తెలుసుకోవాలి. 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన ఏడు సంపుటాల్లో చివరిదానిలో యానాదుల గురించి చాలా పేజీలే ఉన్నాయి. ఎలుకలు ఎలా పడతామో ఉంది. ఏ మడుగు చేప ఎందుకు రుచో మనల్ని అడిగినట్టు నాకు అందులో కనిపించలేదు.

స్వరాజ్యం వచ్చాక చేప మీద మరో మార్పు వచ్చింది. 1957లో హీరాలాల్ చౌదురి ఒడిశాలో సూది మందుతో చేపలచేత గుడ్లు పెట్టించే పద్ధతి కనిపెట్టారు. అది గొప్ప పనే, కాదనను. దానితో బొచ్చె, శీలావతి పిల్లలు కావలసినన్ని దొరికాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మన మెట్ట ప్రాంతానికీ కాలువ నీళ్ళు వచ్చాయి, తర్వాత రామతీర్థం జలాశయం వచ్చింది. చెరువులో చేపకు ధర వచ్చింది. ధర వచ్చాక పాట వచ్చింది. పాట పాడినవాడిది చెరువు. ఒకప్పుడు అలుగు దగ్గర మావు పెట్టిన మనిషి ఇప్పుడు అదే చెరువులో కూలికి వల లాగుతున్నాడు.

పెంపకం చెరువులో పిల్లలు వదిలేముందు ఉన్న చేపలను చంపాలి. కొర్రమీను, మార్పు, జెల్ల, పరిగలు అన్నిటినీ కలిపి 'పిచ్చి చేపలు' అంటారు. నీలగిరి దొరలు ట్రౌటు కాని చేపలను మోటు చేపలన్నట్టే ఇది కూడా. చంపడానికి పుస్తకాల్లో సిఫారసు చేసే మందు ఏమిటో తెలుసా? ఇప్పచెక్క. మీటరు లోతున్న హెక్టారు చెరువుకు సుమారు 2500 కిలోలు. ఇప్పగింజ నూనె తీసిన పిండిలో కుంకుడు నురుగు లాంటి విషం ఉంటుంది, అది చేపను చంపుతుంది, రెండు మూడు వారాల తర్వాత ఎరువవుతుంది. చెట్ల కాయలు, బెరళ్ళు దంచి మడుగులో కలిపి చేపను తేల్చడం మన కొండ జాతులకు ఎప్పటి నుంచో తెలుసు. 1897 నాటి చేపల చట్టం నీళ్ళలో విషం కలిపితే జైలు అంది. పారే నీళ్ళలో విషం మంచిది కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అదే తెలివి ఆదివాసి చేతిలో నేరమయింది, పుస్తకంలోకి ఎక్కాక శాస్త్రమయింది.

నీళ్ళు కూడా మారాయి. పత్తికి తెల్లదోమ పట్టిన 1980ల చివరి ఏళ్ళలో పొలాల మీద కొట్టిన మందు వాగుల్లోకి దిగింది. ఆ రోజుల్లో నాయన కొన్ని కాలువల చేప ఇంటికి తేవడం మానేశాడు. కారణం అడిగితే "కప్పలు అరవడం లేదు" అన్నాడు. చీమకుర్తి చుట్టూ నల్లరాయి తవ్వి వదిలేసిన గుంటల్లో నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి. మా కుర్రాళ్ళు అక్కడ గాలం వేద్దామంటే ఆయన నవ్వేవాడు. "అంచు లేని నీళ్ళురా అవి. గడ్డి లేదు, పురుగు లేదు. చేప ఏం తింటది?" అనేవాడు.

హక్కు సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షను 3(1)(డి) అడవిలోని నీటి వనరుల్లో చేపలను సామూహిక హక్కుగా గుర్తించింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. రెండూ మంచివే. చీమకుర్తి షెడ్యూల్డు ప్రాంతం కాదు, అడవీ కాదు. 2011 జనాభా లెక్కల్లో 5 లక్షలకు పైగా ఉన్న యానాదుల్లో ఎక్కువమంది ఇలాంటి మైదానాల్లోనే ఉన్నారు. ఆ రెండు చట్టాలూ మన ఊరి చెరువు గట్టు దాకా రావు. మనవాళ్ళు చేపల సహకార సంఘం పెట్టుకోవాలన్నా, పాటలో భాగం అడగాలన్నా, ఈ నీళ్ళు మాకు తెలిసినవని చూపించుకోవాలి. చూపించడానికి కాగితం లేదు.

మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర గుండ్లకమ్మకు ఆనకట్ట కట్టాక నాయన చెప్పే మడుగులు చాలావరకు నీట మునిగాయి. 2022 ఆగస్టు చివర ఒక గేటు, 2023 డిసెంబరులో మరొక గేటు కొట్టుకుపోయాయి. నీళ్ళు దిగిపోయిన రోజుల్లో ఆ పిల్లవాణ్నీ వాడి తాతనూ వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. బురదలో రాతి అంచులు బయటపడ్డాయి. పెద్దాయన కర్ర చాపి ఒక్కో మడుగు పేరు చెప్పాడు. కొన్ని చెట్ల పేర్లు, కొన్ని రాళ్ళ పేర్లు, ఒకటి అక్కడ మునిగి చనిపోయిన ఆడమనిషి పేరు. ఏ మడుగులో ఏ చేప, ఏ నెలలో, పులుసుకా వేపుడుకా అన్నీ చెప్పాడు. పిల్లవాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. పదకొండు మడుగులు తేలాయి. పన్నెండోదాని పేరు పెద్దాయనకు గుర్తు రాలేదు. ఇంటికి పోయేదాకా దారిలో దాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూస్తూనే ఉన్నాడు.