జాబితా
పైథాన్ నేర్పే తెలుగు పాఠాల్లో లిస్టును ‘పట్టిక’ అనడం అక్కడక్కడా కనిపిస్తోంది. ఆ మాట నాకు నచ్చదు. ఆవర్తన పట్టిక చదివిన పిల్లలకు పట్టిక అంటే అడ్డు వరుసలు, నిలువు వరుసలూనూ. లిస్టుకు ఉండేది ఒక్కటే వరుస. జాబితా అనే చక్కటి మాట ఉండగా వేరేది దేనికి? అరబ్బీలో బిగించి పట్టుకోవడమనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా ఇది మనకు చేరింది. అక్కడ దీని అర్థం నియమం, కట్టుబాటు. ఉర్దూలో నేరవిచారణ స్మృతిని ‘జాబ్తా ఫౌజ్‌దారీ’ అంటారు. మన ‘జప్తు’ కూడా ఆ ధాతువు బిడ్డే. తెలుగులో నియమమనే అర్థం జారిపోయి, వరుసగా రాసిన పేర్లే మిగిలాయి. పాత అర్థాన్నే పట్టుకుంటే, ఒకసారి కట్టాక మార్చనివ్వని టపుల్‌కు ఈ పేరు తగేది. నేటి వాడుక మాత్రం లిస్టుకే అతుకుతుంది: ఓటర్ల జాబితాలో కొత్త పేర్లు చేరతాయి, కొన్ని పోతాయి, వరుస నిలుస్తుంది. అపెండ్, రిమూవ్ చేసే పనులు అవే. హాజరు పట్టీలోని ‘పట్టీ’ కూడా మంచి మాటే. దానికి పేలిక అనే అర్థముంది. ఇంగ్లిషు ‘లిస్ట్’ కూడా గుడ్డ అంచు, పేలిక అనే అర్థాలున్న మాటే. కానీ పట్టీ అనగానే ముందు కాలిపట్టీలు గుర్తొస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఒక్క తేడా చెప్పాలి: ఓటర్ల జాబితా 1తో మొదలవుతుంది, పైథాన్ జాబితా 0తో. నాలుగు పేర్లుంటే చివరిదాని సంఖ్య 3.