తుపాను కబురు, కళ్లంలో గింజ

నంద్యాల, ఆళ్లగడ్డలకు సముద్రం దూరం. ఇక్కడికి తుపాను గాలిగా కంటే వానగానే ఎక్కువ వస్తుంది. నల్లమలలో కురిసిన నీళ్లు వాగుల్లో దిగితే నంద్యాలలో మద్దిలేరు, చామకాలువ, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు పొంగుతాయి. చివరికి ఆ భారమంతా కుందూ నది మీదే.

వెనకటి రోజుల్లో వానకు ముందు పనంతా మిద్దె మీదే. పాత చౌడు గీకి కొత్తది పరిచి, తడిపి, దిమ్మిసతో అణిచేవారు. తూములో చేరిన చెత్త తీసి, కప్పులోని గవాచిని బండతో మూసేవారు. గింజల సంగతి అప్పటికే తేలిపోయి ఉండేది. నేలలో తవ్విన పాతరలో అడుగునా చుట్టూ గడ్డి వేసి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేవారు. ఆ జాగ్రత్త వరదకు కాదు, కరువుకు.

కర్నూలు-కడప (కేసీ) కాలువ ఈ లెక్కను మార్చింది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్లు పారినచోట వరి నిలదొక్కుకుంది. వరి కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువ. పంట మారడంతో భయం కూడా మారిందని నా నమ్మకం.

2007 జూన్ 22న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం అప్పటి కర్నూలు జిల్లాను ముంచెత్తింది. అది విత్తనాల వేళ. 2020 నవంబరు 25 రాత్రి నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం వరి కోతకు సిద్ధంగా ఉంది. పడిపోయిన పైరులో నీళ్లు నిలిస్తే వెన్ను మీదే మొలకొస్తుంది. ఆ వడ్లను ఏ ధరకు అమ్మాలి?

2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం వైపు వస్తోందని రోజుల ముందే ఫోన్లకు కబురందింది. కబురందితే రైతు ముందు కోతమిషన్ కోసం పరుగెత్తుతాడు. అందరికీ ఒకేసారి కావాలి కాబట్టి బాడుగ పెరుగుతుంది. పచ్చిగా కోస్తే తేమ ఎక్కువని వ్యాపారి ధర తగ్గిస్తాడు, ఉంచితే వాన తీసుకుంటుంది. రోడ్డు పక్కన ఆరబోసిన మొక్కజొన్నను ఇంటిల్లిపాదీ కుప్పచేసి, పట్టలు కప్పి, అంచులకు రాళ్లు పెడతారు. కింద నుంచి చెమ్మ ఎక్కితే పై పట్ట ఏం కాపాడుతుంది?

హెచ్చరిక మెరుగుపడింది, నిజంగా గొప్ప మేలు. కానీ సొంత పొలం లేని కౌలు రైతుకు ఆ కొద్ది రోజుల్లో గింజ దాచే కప్పు ఎక్కడుంది? ఊరూరా కప్పున్న ఆరబెట్టే కళ్లాలు, అద్దెకు డ్రయ్యర్లు కావాలి.