గెలిచిన ఊరిలో సిరిమాను

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారమునాడు గరివిడి, చీపురుపల్లి ప్రాంతముల ఇండ్లలో మనుష్యులు కనబడుట అరుదు. నెల్లిమర్ల మీదుగా విజయనగరము పోయే రైలులో ఆనాడు నిలుచుండుటకైనను చోటు దొరకదు. బస్సులు అంతకంటె ఇరుకు. పిల్లలను భుజములపై ఎక్కించుకొని, చద్దిమూటలు చేతబట్టి, జనము తెల్లవారకముందే బయలుదేరుతారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఆ మధ్యాహ్నము తిరుగుతుంది. ఎందుకు ఈ పండుగ అని పిల్లవాడు అడిగితే, తండ్రి ‘బొబ్బిలి యుద్ధమప్పటిది నాయనా’ అని ఊరుకుంటాడు. ఆ సమాధానము తప్పు కాదు, కాని చాలదు. గెలిచిన ఊరు ఆ గెలుపును ఏ రూపమున జ్ఞప్తి చేసుకొనుచున్నదో గమనించినవారికి ఆ పండుగ మరింత చెప్పగలదు.

వీలున్న కుటుంబములు మంగళవారము వరకు ఆగకుండ, ఆదివారమునాడే ఇల్లు కదలి, ముందుగా ఓడిన ఊరిని చూచి, ఆ పిమ్మట గెలిచిన ఊరికి పోవుట మంచిదని నా అభిప్రాయము. గరివిడి నుండి చీపురుపల్లి, రాజాము మీదుగా బొబ్బిలికి మార్గమున్నది. రాజాము పేరు వినగానే తాండ్ర పాపారాయుడు గుర్తుకు రాని తెలుగువాడుండడు. యుద్ధము జరిగిన దినమున ఆ వీరుడు రాజాములో ఉండెననియు, వార్త అందుసరికి అంతా ముగిసిపోయెననియు కథలు చెప్పుతున్నవి. బొబ్బిలిలో నాటి కోట లేదు. ఆ స్థలమున బొబ్బిలి మహారాజు 1891లో నిలిపిన స్మారక స్తంభము మాత్రమున్నది. చూడదగిన శిల్పమేమియు దానిపై లేకపోవచ్చును. అయినను అక్కడ కొంతసేపు నిలిచి, ఆనాడేమి జరిగినదో పిల్లలకు చెప్పవలె.

ఉత్తర సర్కారులు 1753లో సలాబత్ జంగు వలన ఫ్రెంచివారికి దక్కినవి. పన్నులు వసూలు చేయుటకు, అధికారము నిలుపుకొనుటకు బుస్సీ దొర 1756 చివర సైన్యముతో ఈ వైపునకు వచ్చినాడు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు ఆయనకు ఆప్తుడు. బొబ్బిలి ప్రభువు రంగారావు విజయనగరమునకు పొరుగువాడు, పగవాడు. ఇరువురి భూములు కలసియున్నవి. కాలువల నీరు ఎవరిదన్న తగవు ఎన్నటికిని తెగలేదు. మన పల్లెలలో నేటికిని తల పగిలే తగాదాలలో సగము నీటి తగాదాలే కదా! ఆ పగకు పరదేశి ఫిరంగి తోడైనది. బొబ్బిలిని వదలి వేరొక చోట సమానమైన భూమి తీసుకొమ్మని బుస్సీ చెప్పించినాడు. తాతముత్తాతల నేలను వదలమని రంగారావు బదులు పంపినాడు.

1757 జనవరి 24వ తేదీన తెల్లవారుజామున ముట్టడి మొదలైనది. మధ్యాహ్నము దాటువరకు కోట లొంగలేదు. బురుజులు కూలినను, ఆ సందులలో నిలిచిన మనుష్యులు కూలలేదు. ఇక నిలువలేమని తెలిసిన వేళ, స్త్రీలు, శిశువులు శత్రువుల చేతిలో పడరాదని లోపలి ఇండ్లకు నిప్పు పెట్టుకొన్నారు. అగ్నిలో పడనివారు కత్తికి బలియైనారు. రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయినాడు. ఈ వృత్తాంతమును ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ 1778లో వెలువడిన తన గ్రంథభాగములో వివరముగా వ్రాసినాడు. ఆయన కంటితో చూచినవాడు కాడు. అయినను ఆయన వాక్యములలో ఓడినవారిపట్ల గౌరవము స్పష్టముగా కనబడుతుంది. ఒక వృద్ధుడు చిన్నవాడొకనిని చేయిపట్టుకొని వచ్చి, ఇతడు రంగారావు కుమారుడని ఫ్రెంచి అధికారి లా చేతికి అప్పగించిన ఘట్టమును ఆయన మరువలేదు. ఆ బాలుడే తరువాత చిన రంగారావు.

మూడవ రాత్రి విజయరామరాజు తన డేరాలో నిద్రించుచుండగా, బొబ్బిలివారు చీకటిలో దూరి ఆయనను పొడిచి చంపినారు. ఒంటిపై ముప్పదిరెండు గాయములున్నవని ఓర్మ్ లెక్క చెప్పినాడు. ఆ చేయి తాండ్ర పాపారాయునిదని తెలుగువారి నమ్మకము. గెలిచిన ప్రభువు గెలుపును అనుభవించినది మూడు దినములు.

సాహిత్యమంతయు ఓడినవారి పక్షమే వహించినది. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ వ్రాసినాడు. పెద్దాడ మల్లేశము పేర ‘పెద బొబ్బిలిరాజు కథ’ ఊరూర పాడబడినది. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకము వ్రాసినారు. నాజరు బుర్రకథ చెప్పుతుంటే జనము కంటతడి పెట్టినారు. 1964లో చలనచిత్రము కూడ వచ్చినది. గరివిడి లక్ష్మి వంటి బుర్రకథ కళాకారిణిని కన్న ఈ సీమలో బొబ్బిలి పేరెత్తగానే వినువారి రోమములు నిక్కబొడుచుకొనుటలో వింతలేదు. ఈ ప్రచారములో నూరవ వంతయినను విజయనగరపు గెలుపుకు రాలేదు. గెలుపును పాడుకొనుటకు ఆ ఊరివారికి కూడ నోరు రాలేదేమో అనిపిస్తుంది.

మరి విజయనగరము ఏమి చేసినది? ఆ ఊరు పాడినది గెలిచిన రాజును కాదు, ఆయన చెల్లెలిని. స్థలపురాణము ప్రకారము పైడితల్లి విజయరామరాజు సోదరి. యుద్ధము వద్దని అన్నకు చెప్పి చూచినది, ఆయన వినలేదు. కోట కూలిన తరువాత అన్నకు ప్రాణాపాయమున్నదని ఆమెకు తోచినది. హెచ్చరించుటకు బండిలో బయలుదేరినది. పతివాడ అప్పలనాయుడు తోడుగా ఉన్నాడు. దారిలోనే అన్న మరణవార్త ఎదురైనది. ఆమె సొమ్మసిల్లి పడిపోయి, కొంత తెలివి వచ్చినప్పుడు తాను ఇక బ్రతుకననియు, పెద్దచెరువు పడమటి గట్టున తన ప్రతిమ దొరుకుననియు చెప్పి కన్నుమూసినదట. జాలరులు వల వేసి ఆ ప్రతిమను పైకి తీసినారు. రైల్వే స్టేషను సమీపమున వనంగుడి, మూడులాంతర్లవద్ద చదురుగుడి ఆమెవే. పతివాడ వంశమువారు నేటికిని పూజారులు.

ఓడి మరణించినవానిని జనము పూజించుట లోకమున కొత్తది కాదు. నార్వే దేశమున స్టిక్లెస్టాడ్ అను చిన్న ఊరున్నది. అచ్చట 1030 జూలై 29న ఓలావ్ రాజు తన దేశపు రైతులు, నాయకులు కూడిన సైన్యముచేతిలో హతుడైనాడు. ఏడాది తిరిగీ తిరగకముందే ఆయనను సాధుపురుషునిగా ప్రకటించినారు. 1954 నుండి ప్రతి వేసవిలోను ఆ ఊరి ఆరుబయట రంగస్థలమున ఆ రాజు కడపటి దినముల నాటకము ఆడుతున్నారు. కుటుంబములు బుట్టలలో తినుబండారములు పెట్టుకొని, పచ్చికపై కూర్చుండి చూచి వస్తారు. మన సిరిమాను జాతరకు అది సమీపబంధువు. కాని ఒక భేదమున్నది. స్టిక్లెస్టాడ్‌లో పూజ అందుకొన్నవాడు కత్తి పట్టినవాడే. విజయనగరములో పూజ అందుకొనుచున్నది కత్తి వద్దన్న ఆడుబిడ్డ.

ఇది చరిత్రయేనా అని అడుగువారుంటారు. అడుగవలసిన ప్రశ్నయే. ఓర్మ్ రచనలో రాజు సోదరి ప్రస్తావన లేదు. యుద్ధము జనవరిలో జరుగగా పండుగ ఆశ్వయుజములో జరుగుచున్నది. పైగా సిరిమాను విజయనగరమునకే ప్రత్యేకమైనది కాదు. మక్కువ దగ్గరి శంబరలో పోలమాంబకు సంక్రాంతి తరువాత సిరిమాను తిప్పుతారు. ఆ తల్లికి బొబ్బిలి యుద్ధముతో పని లేదు. వెనుకటి కాలమున దక్షిణదేశమున పలుచోట్ల సిడి అను మొక్కుబడి ఉండెడిది. వీపు చర్మమునకు కొక్కెము గుచ్చి, పొడవైన మానుకు మనిషిని వ్రేలాడదీసి తిప్పెడివారు. పందొమ్మిదవ శతాబ్దములో ప్రభుత్వపు ఒత్తిడి వలన అది క్రమముగా తగ్గిపోయినది. సిడిమాను, సిరిమాను అను రెండు మాటల పోలిక చూచినవారికి మన ఉత్సవము ఆ పాత ఆచారమునకు మెత్తబడిన రూపమని తోచక మానదు. కొక్కెము పోయినది, దాని స్థానమున ఆసనము వచ్చినది. ఇక సోమవారము రాత్రి జరిగే తొలేళ్ళ ఉత్సవమును చూడండి. ఆనాడు అమ్మవారి విత్తనములు రైతులకు పంచిపెడతారు. వాటిని ఇంటి విత్తనములలో కలిపి చల్లుకొంటే పంట బాగుంటుందని నమ్మకము. ఇది యుద్ధస్మృతి కాదు, నాగలి పట్టినవాని పండుగ.

కావున యుద్ధమునకు ముందే ఈ నేలపై ఒక గ్రామదేవత, ఒక మాను, ఒక విత్తనాల పండుగ ఉండియుండవచ్చునని నా ఊహ. 1757 తరువాత ఆ పాత పూజలోనికి రాజు చెల్లెలి కథ వచ్చి కలిసినది. దీనివలన కథ విలువ తగ్గినదని నేననుకొనను. బుస్సీ దండయాత్రకు కాగితములు సాక్ష్యము. ఆ యుద్ధమును గూర్చి ఊరివారు లోలోపల ఏమనుకొన్నారో కాగితములలో ఉండదు. గెలుపు వలన వారికి దక్కినదేమి? మరుసటి సంవత్సరమే ఆనంద గజపతి ఫ్రెంచివారిపై తిరుగబడి ఆంగ్లేయులను పిలిచినాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు పతనముతో ఫ్రెంచివారి అధికారము ఈ సీమలో అంతమైనది. ఏ దొర ఫిరంగులతో బొబ్బిలి కూలినదో ఆ దొర జాతియే ఇక్కడ మిగలలేదు. ముప్పదియేడు సంవత్సరముల తరువాత, 1794 జూలై 10న, పద్మనాభము వద్ద ఆంగ్లేయుల తుపాకులకు చిన విజయరామరాజు బలియైనాడు. పిలిచి తెచ్చుకొన్న స్నేహమునకు అది ఫలము. ఇన్ని చూచిన ప్రజలు ‘ఆనాడే ఆడుబిడ్డ వద్దన్నది కదా’ అని చెప్పుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? ఆ మాట ఎవరు మొదట అన్నారో, ఎప్పుడన్నారో గాని, పరగణాలకొద్ది జనము దానిని నమ్మి తరతరములుగా మోసుకొని వచ్చుట మాత్రము చరిత్రయే.

ఇక మంగళవారపు సంగతి. పూజారికి కలలో అమ్మవారు కనబడి ఏ చింతచెట్టు తనకు కావలెనో చెప్పుననియు, ఆ చెట్టు యజమాని దానిని సంతోషముగా ఇచ్చుననియు వాడుక. అరువది అడుగుల మేర పొడవైన ఆ మానును చెక్కి, బండికి అమర్చి, కొసన ఆసనము కట్టుతారు. దానిలో పూజారి కూర్చుంటాడు. మూడులాంతర్ల వద్ద నుండి కోట వరకు మూడుమారులు సిరిమాను తిరుగుతుంది. మేడలమీద, చెట్లమీద, గోడలమీద జనమే. అరటిపండ్లు గాలిలో ఎగురుతుంటవి. మానుపైనున్న పూజారికి తగిలితే మొక్కు చెల్లినట్లేనట, ఆ పూజారి ఓర్పునకు మ్రొక్కవలె! చిన్న పిల్లలున్నవారు జనములోనికి దిగక, తెలిసినవారి మేడపై ముందుగానే చోటు చూచుకొనుట క్షేమము.

సిరిమానుకు ముందు నడిచే వాటిపై పలువురు దృష్టి నిలుపరు. అవి తప్పక చూడవలసినవి. ఈటెలు, బల్లెములు పట్టిన పాలధారవారు డప్పుల మ్రోతతో పోతారు. తెల్ల ఏనుగు వస్తుంది. అంజలి రథముపై స్త్రీవేషములు ధరించిన పురుషులు అక్షతలు చల్లుతారు. వీటి నడుమ ఒక పాత చేపలవల నడిచి వస్తుంది. ప్రతిమను చెరువునుండి తీసినవారి సంతతికి ఊరు చెల్లించే మర్యాద అది. రాజుల యుద్ధములో పేరు లేని జాలరికి, రాజు కోట ఎదుట ఆనాడు తన వలతో నడిచే హక్కు ఉన్నది.

కోట 1713లో కట్టినది. పడమటి బురుజుపై గజపతుల వంశమువారు కూర్చుండి ఉత్సవము చూచుట ఆచారము. సిరిమాను ఆ బురుజు ఎదుటికి వచ్చినప్పుడు, పెద విజయరామరాజు వంశమువారు తల పైకెత్తి చూస్తారు. వారికంటె ఎత్తున, చింతమాను కొసన, ఆ రాత్రి బండిలో ఆమెకు తోడు వెళ్ళిన అప్పలనాయుని వంశమువాడు కూర్చుండి అక్షతలు చల్లుతాడు. సాయంకాలమునకు మాను నేలకు దిగుతుంది. తరువాతి మంగళవారమునాడు పెద్దచెరువులో తెప్పోత్సవము జరుగుతుంది. ఆనాటి రద్దీ ఇంత ఉండదు గనుక, మొదటి మంగళవారమునాడు రైలులో చోటు దొరకనివారు అప్పుడు పోయి రావచ్చును.